మగ్గాల వీధి ముందు ఆగిన కాలువ

నా బీపీకి కారణం ఉప్పని మా డాక్టరు గారు అంటారు. ఆవకాయ మానేయమంటారు. ఆయన మంచివాడే గానీ ఏనాడూ మున్సిపాలిటీలో పనిచేయలేదు కాబట్టి ఆయనకు తెలియదు. నా బీపీకి కారణం ఆవకాయ కాదు, ఒక మురుగు కాలువ. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా రేకుల మీద వాన చినుకు పడిందంటే నాకు ముందు ఆ కాలువ గుర్తొస్తుంది, ఆ తర్వాతే మేడ మీద ఆరేసిన బట్టలు.

ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు స్వీటు డబ్బా పట్టుకుని నన్ను చూడడానికి వచ్చారు. "మేడమ్ గారూ, మీ అనుభవంలోంచి మాకేదైనా చెప్పండి" అన్నారు. ఇద్దరూ అకౌంట్స్ సెక్షనే, నేను కూర్చున్న గదిలోనే కూర్చుంటున్నారట. ఏదో బిల్లుల సంగతి చెప్పి పంపేశాను. అసలు సంగతి మొదలుపెడితే కోపం వస్తుంది, కోపం వస్తే మాత్ర వేసుకోవాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాసేటప్పుడైతే మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి రావచ్చు.

మాది కోనసీమలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు, మనుషుల పేర్లు ఎందుకు లెండి, అందరూ బతికే ఉన్నారు, అందరితోనూ నాకు పెళ్ళి పిలుపులున్నాయి. ఊరికి ఒక పక్క మెరకలో కొబ్బరి తోటల మధ్య పెద్ద పెద్ద డాబాలు. దాన్ని పెద్ద వీధి అనేవాళ్ళం. ఇంకో పక్క పల్లంలో చేనేత వాళ్ళుండే మగ్గాల వీధి. అది ఒకప్పుడు వేరే పల్లె. మున్సిపాలిటీ పెరిగినప్పుడు మాలో కలిసింది. కలిసిన దగ్గర్నుంచి వాళ్ళు పన్ను కడుతున్నారు. వాళ్ళకు వేరే ఏం ఒరిగిందో నేను చెప్పలేను.

ముందు నిల్వ సంగతి చెప్పాలి. మున్సిపాలిటీకి ఇంటి పన్నులు, కుళాయి పన్నులు, షాపుల అద్దెలు, పైనుంచి గ్రాంట్లు వస్తాయి. వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెట్టేయకుండా ఏటా బడ్జెట్లో కొంత పక్కన పెడతారు. తుఫాను రావచ్చు, మంచినీళ్ళ మోటారు కాలిపోవచ్చు. అలాంటి అత్యవసరానికి దాచే డబ్బునే నిల్వ అనేవాళ్ళం. అది మంచి పద్ధతే. బియ్యం డబ్బా అడుగు కనిపించేదాకా వండేసే ఇల్లాలిని నేనెప్పుడూ మెచ్చుకోలేదు. కానీ పిల్లలు ఆకలని ఏడుస్తుంటే డబ్బా మూత మీద ఎక్కి కూర్చునే ఇల్లాలిని కూడా మెచ్చుకోలేను. మా కౌన్సిల్ ఆ రెండో రకం.

మూత మీద కూర్చున్నది మా చైర్మన్ గారు. వరి, కొబ్బరి ఉన్న రైతు కుటుంబం, పెద్ద వీధిలోనే ఇల్లు. ఆఫీసు డబ్బు ఒక్క రూపాయి ముట్టుకున్న మనిషి కాదు. మీటింగుల్లో మాకిచ్చే టీ, బిస్కెట్లు కూడా ఆయన సొంత డబ్బే. అదే నా బాధ. దొంగైతే ఇంటికెళ్ళి హాయిగా తిట్టుకునేదాన్ని. ఆయన చిన్నప్పుడు తుఫాను వస్తే వాళ్ళ నాన్నగారు ధాన్యం కొట్టు తెరిచి ఊరందరికీ గంజి కాయించి పోయించారట. కొట్టు నిండుగా ఉండబట్టే కదా అంతమందికీ పోయగలిగారు అనేది ఆయన వాదన. "నిండుగా ఉండాలండి మేడమ్ గారూ. నిండుగా ఉంటేనే ధైర్యం" అనేవారు. ఆ నాన్నగారు కొట్టు తలుపు తెరిచారు కూడా కదా, ఈయన ఆ సగం మర్చిపోయేవారు. ప్రతి బడ్జెట్ మీటింగులోనూ నిల్వ ఎంత పెరిగిందో నన్ను లేచి చదవమనేవారు. చదవగానే బల్లలు చరిచేవారు. డ్రైన్లు లేని వార్డుల కౌన్సిలర్లు కూడా చరిచేవారు, నాకు ఆ చప్పుడు వింటే ఒళ్ళు మండేది.

ఇక సోమవారం అర్జీల రోజు. మా వైపు ఎదురుగా నిలబడిన మనిషికి కుదరదని చెప్పడం మర్యాద కాదు. కాబట్టి ఎవరికీ చెప్పరు. అర్జీ పట్టుకొచ్చిన వాళ్ళకు కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు, పిల్లల చదువుల గురించి అడుగుతారు, చివర్లో "ఆయ్, అలాగేనండి, తప్పకుండా చూద్దామండి" అని గుమ్మం దాకా వెళ్ళి సాగనంపుతారు. కసురుకుంటే ఎదుటివాడికీ రోషం వచ్చి పైవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. ఇంత గౌరవంగా పంపిస్తే ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? వచ్చే సోమవారం మళ్ళీ వచ్చి మళ్ళీ మంచినీళ్ళు తాగి వెళ్తాడు.

అలా మంచినీళ్ళు తాగినవాళ్ళలో మగ్గాల వీధి నుంచి వచ్చే ఒకావిడ ఉండేది. ఆవిడ నాకు అంతకుముందే తెలుసు. మా ఆఫీసుకు ఏ పెద్దమనిషి వచ్చినా కప్పే కండువాలు ఆవిడ భర్త నేసినవే, ఆ బిల్లులు నా బల్ల మీదుగా వెళ్ళేవి. వాళ్ళది గుంట మగ్గం. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఇంట్లో నేల మీద గుంట తవ్వి, దాని మీద మగ్గం బిగిస్తారు. నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్ళు గుంటలోకి దించి, కింద చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఆ గుంట పొడిగా ఉన్నన్నాళ్ళే మగ్గం నడుస్తుంది. వానాకాలం పల్లంలో నీళ్ళు నిలబడితే గుంటలోకి ఊట వస్తుంది. ఊట వస్తే కాళ్ళు పెట్టలేరు, తడికి నూలు పాడవుతుంది, ఆ వారం కూలి ఉండదు. నూలు ఇచ్చి నేయించుకునే షావుకారు ఒకసారి చూస్తాడు, రెండోసారి చూస్తాడు, తర్వాత పొడి ఇల్లున్న వాళ్ళకు ఇస్తాడు. ఆవిడ భయమంతా అదే.

"మగ్గం ఆగిపోతే మా ఆయనకి ఇంకో పని రాదండి. చిన్నప్పట్నుంచీ ఆ గుంటలోనే కాళ్ళెట్టుకుని బతికేడండి" అనేది. "వీధిలో నీళ్ళు పోయే దారి చేయించండి చాలండి. ఇంకేం అడగనండి."

స్టాండు మగ్గం కొనుక్కోవచ్చు కదా, దానికి గుంట అక్కర్లేదు కదా అని మావాళ్ళలో ఒకరు సలహా ఇచ్చారు. కొనడానికి డబ్బెవరిస్తారో చెప్పలేదు. ఆవిడ దానికి కూడా "ఆయ్" అంది.

ఆన్‌లైన్ అర్జీలు వచ్చాక ఇంకో చోద్యం మొదలైంది. కంప్యూటర్లో ఎక్కించిన ప్రతి అర్జీకీ గడువుంటుంది. గడువు దాటితే తెర మీద ఎర్రగా కనిపిస్తుంది, పై ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. అందుకని గడువు దగ్గర పడగానే మావాళ్ళు అర్జీని పరిష్కరించినట్టు మూసేసేవారు. ఒక సోమవారం ఆవిడ తడిసిన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో ఫోను పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్ గారండీ, నా ఫోనుకి మెసేజీ వచ్చిందండి. మా అమ్మాయి చదివి చెప్పిందండి, మీ సమస్య పరిష్కారమైపోయిందని. ఎక్కడైందో ఓసారి చూపిత్తారేమోనని వచ్చేనండి. ఇంట్లో అయితే నీళ్ళు అలాగే ఉన్నాయండి."

ఆ మాట వెటకారంగా అందో నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మొహంలో ఏమీ లేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టైంది. లేచి వెళ్ళి చైర్మన్ గారి గదిలో గట్టిగానే మాట్లాడాను. ఆయన నొచ్చుకున్నారు, నిజంగానే నొచ్చుకున్నారు. ఆ ఏడాది బడ్జెట్లో పెద్ద వీధి నుంచి మగ్గాల వీధి మీదుగా ఊరి బయట పెద్ద డ్రైను దాకా సిమెంటు కాలువకు డబ్బు కేటాయించారు. నిల్వలోంచి కాదు, మామూలు పనుల పద్దులోంచి. నిల్వ జోలికి వెళ్ళకుండానే పని అయిపోతుందని ఆయన సంతోషం. నేనూ సంతోషించాను.

ఇంజనీరు పొరుగు జిల్లా మనిషి, మా ఊరికి కొత్త. మెరక నుంచి పల్లానికి, పల్లం నుంచి డ్రైనుకి, తాడు లాగినట్టు తిన్నగా గీత గీశాడు. ఆ గీత మీద కొబ్బరి చెట్లున్నాయి. చెట్లు ప్రహరీల బయట, మున్సిపాలిటీ స్థలంలోనే ఉన్నాయి. అయినా కాపు కాసే కొబ్బరి చెట్టు మీద గొడ్డలి వేయడమంటే మావాళ్ళకు మనిషి మీద చెయ్యి చేసుకున్నట్టే. పాపం ఇంజనీరుకు ఆ సంగతి తెలియదు. మొదటి చెట్టుకు సున్నంతో గుర్తు పెట్టించగానే ఆ ఇంటి పెద్దాయన బయటికొచ్చారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. కోప్పడలేదు. ముందు కొబ్బరి బొండాం కొట్టించి ఇంజనీరు చేతికిచ్చారు.

"ఏవండీ ఇంజనీరు గారూ, ఈ చెట్టు మా పెద్దాడు పుట్టినప్పుడు మా అమ్మ పాతిందండి. వాడి పేరే పెట్టి పిలుచుకుంటాం. మీ కాలవ కొంచెం పక్కకి జరిపితే నీళ్ళకేం కోపం వస్తుందండీ?"

"పరిహారం ఇస్తాం సార్" అన్నాడు ఇంజనీరు.

ఆయన ఇంజనీరు వైపు జాలిగా చూసి, "మా పెద్దాడికి ఖరీదు కడతారాండీ?" అన్నారు.

కాలువ ఆ చెట్టు దగ్గర వంగింది. ఒక చెట్టుకు వంగాక పక్కింటి చెట్టుకు వంగకపోతే ఆ ఇంటివాళ్ళకు తలవంపు. వాళ్ళ అర్జీ వచ్చింది. ఆ పక్కింటి అర్జీ వచ్చింది. ఆ సోమవారాల్లో మా వరండా నిండా పెద్ద వీధివాళ్ళే. ఒక్కో చెట్టుకూ ఒక్కో కథ. ఒకటి పెద్ద కోడలు కాపురానికొచ్చిన రోజు నాటింది, ఒకటి తుఫానులో ఇంటి మీద పడకుండా అటు ఒరిగి కుటుంబాన్ని కాపాడింది. చైర్మన్ గారు అన్నీ ఓపిగ్గా విన్నారు. విన్న ప్రతిదానికీ "ఆయ్, చెట్టు కొట్టొద్దు, కాలవ వంచండి" అన్నారు. మగ్గాల వీధి అర్జీ మీద ఏళ్ళ తరబడి చూద్దామన్నవాళ్ళు ఈ అర్జీల మీద సాయంత్రానికల్లా సంతకాలు పెట్టారు. ఎందుకంటే ఒక్కొక్కటీ చిన్నదే. ఒక వంపు, అంతే.

నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. "వంపు తిప్పినచోటల్లా పొడుగు పెరుగుతుందండి. సిమెంటు, ఇనుము ఎక్కువ పడతాయండి. కేటాయించిన డబ్బు చివరిదాకా రాదండి" అన్నాను. "చూద్దామండి మేడమ్ గారూ" అన్నారు. ఇంజనీరు ఒకరోజు నా గదికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "మేడమ్, మీ ఊళ్ళో అందరికీ మర్యాదలు తెలుసు. నీళ్ళకే తెలియవు" అన్నాడు. ఆ తర్వాత ఆయన వాదించడం మానేశాడు. ఎక్కడ వంచమంటే అక్కడ వంచాడు. చివరికి ఆ కాలువను చూస్తే, పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాడు ఎవరి విస్తరీ తొక్కకుండా నడిచినట్టు ఉండేది.

డబ్బు సరిగ్గా మగ్గాల వీధి మొదట్లో అయిపోయింది. ఎవరూ కావాలని చేయలేదు. పని మెరక నుంచి మొదలుపెట్టారు కాబట్టి మెరకంతా పూర్తయింది, పల్లం మిగిలింది. మొదటి దశ పూర్తయిందని కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ ఫొటోకు ఎన్ని దణ్ణం గుర్తులు వచ్చాయో! ఆ పని వల్ల ఏం జరిగిందో ఇంజనీరుకు, నాకు, ఆవిడకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఇంతకుముందు పెద్ద వీధి నీళ్ళు కొబ్బరి తోటల్లో పడి, అక్కడక్కడా ఇంకి, మిగిలినవి నెమ్మదిగా పల్లానికి దిగేవి. ఇప్పుడు సిమెంటు కాలువ ఆ వీధి నీళ్ళన్నిటినీ పోగుచేసి, ఒక్క చుక్క పోనీయకుండా తీసుకొచ్చి, మగ్గాల వీధి గుమ్మంలో దింపుతుంది. మేము ప్రజల డబ్బు ఖర్చుపెట్టి ఆవిడ ఇంటికి నీళ్ళు తోలుకొచ్చాం.

మిగిలిన ముక్క కట్టాలంటే నిల్వ తీయాలి. వేరే దారి లేదు. వానలకు ముందు జరిగిన కౌన్సిల్ మీటింగులో ఆ అంశం పెట్టించాను. ఆవిడ వచ్చి వరండాలో స్తంభం పక్కన నిలబడింది, కుర్చీ వేసినా కూర్చోలేదు. నాకు నిల్వ లెక్క చదవడం తప్ప మీటింగులో మాట్లాడే అలవాటు లేదు. ఆ రోజు చదివి కూర్చోకుండా నిలబడ్డాను.

"ఇంత నిల్వ ఉందండి. ఇందులో చిన్న భాగం తీస్తే కాలువ డ్రైనులో కలుస్తుందండి. తీయకపోతే ఈ వానాకాలం మగ్గాల వీధి మునుగుతుందండి" అన్నాను.

చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీరు చెప్పేది న్యాయమేనండి మేడమ్ గారూ. కానీ నిల్వ అత్యవసరానికి కదండీ. ఇప్పుడు వానే లేదు. ఎండ కాస్తుంటే అత్యవసరమని ఎలా రాస్తామండీ? రేపు ఆడిట్‌వాళ్ళు మిమ్మల్నే అడుగుతారు."

"నీళ్ళొచ్చాక కాలువ కట్టడం కుదరదు కదండీ?"

"తుఫాను వచ్చి ఊరంతా పోతే అప్పుడు చెయ్యి ఖాళీగా ఉంటే ఎలాగండి? చూసినవాణ్ణి చెప్తున్నాను."

ఆ భయం నటన కాదు. గోదావరి పాయల మధ్య బతికేవాళ్ళకు ఆ భయం ఎవరికైనా ఉంటుంది. అందుకే నాకు మరీ ఉక్రోషం వచ్చింది. రాబోయే తుఫాను ఆయనకు కళ్ళ ముందు కనబడుతోంది, వరండాలో నిలబడ్డ మనిషి కనబడడం లేదు. "ఆవిడకి తుఫాను అక్కర్లేదండీ, పెద్ద వీధిలో గట్టిగా వాన పడితే చాలు" అన్నాను. నా గొంతు నాకే ఎక్కువగా వినిపించింది. ఎవరో దగ్గారు.

ఎవరినీ నొప్పించకుండా ఏదో ఒకటి తేల్చడంలో మా కౌన్సిల్‌ది అందెవేసిన చెయ్యి. ఒక కౌన్సిలర్ గారు లేచి, మధ్యేమార్గం అంటూ ఒక తీర్మానం చెప్పారు. మగ్గాల వీధిలో ఇళ్ళలోకి నీళ్ళు చేరినట్టయితే, దాన్ని అత్యవసరంగా భావించి, తక్షణం నిల్వ నుంచి డబ్బు విడుదల చేయాలి. అందరూ బల్లలు చరిచారు. అంటే నీళ్ళు రాకుండా ఆపడానికి డబ్బు లేదు, నీళ్ళొస్తే ఉంది. ఇంత పెద్ద తెలివితక్కువతనం పాతికమంది పెద్దమనుషుల మధ్య ఇంత ప్రశాంతంగా ఆమోదం పొందడం నేను మళ్ళీ చూడలేదు. చైర్మన్ గారు స్వయంగా వరండాలోకి వెళ్ళి ఆవిడకు చెప్పారు.

"నీళ్ళు రాగానే పని మొదలెట్టేస్తామమ్మా. ఇంక నీకేం దిగులు లేదు."

"ఆయ్" అంది ఆవిడ. స్తంభం వదిలి ఒకడుగు ముందుకొచ్చి, "అయితే నీళ్ళు రావాలంటారాండి?" అంది.

చైర్మన్ గారు ఆవిడను టీ తాగి వెళ్ళమన్నారు.

అల్పపీడనం పట్టిన రోజున పొద్దుట్నుంచీ వాన వదల్లేదు. భోజనాల వేళకు ఇంజనీరు గొడుగుతో నా గుమ్మంలో నిలబడి, "మేడమ్, వస్తారా?" అన్నాడు. ఎక్కడికని అడగలేదు. మా సిమెంటు కాలువ అద్భుతంగా పనిచేస్తోంది. ప్రతి వంపు దగ్గరా నీళ్ళు సుడి తిరిగి, కొబ్బరి చెట్లకు ప్రదక్షిణం చేసి, మగ్గాల వీధిలోకి దూకుతున్నాయి. ఆవిడ ఇంట్లో మగ్గం గుంట ఎక్కడుందో కనబడడం లేదు. ఇల్లంతా ఒకే నీళ్ళు. భర్త మగ్గానికి ఉన్న పడుగును, అంటే నిలువు నూలును, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో. కిందికి దించితే తడుస్తుంది, పెట్టడానికి పొడిచోటు లేదు. సగం అప్పటికే తడిసిపోయింది. ఆవిడ బిందెతో ఇంట్లోంచి నీళ్ళు తోడి గుమ్మం బయట పోస్తోంది. అవి మళ్ళీ లోపలికి వస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. ఇంజనీరు అటు తిరిగి గొడుగు సరిచేసుకుంటున్నట్టు నటించాడు.

చైర్మన్ గారు మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చారు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నారు. అన్నం పొట్లాలు సొంత ఖర్చుతో వండించి పంచారు. "వెంటనే నిల్వ తీసెయ్యండి మేడమ్ గారూ, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి" అన్నారు. చూపించాను. ఏళ్ళ తరబడి కదలని డబ్బు సాయంత్రానికల్లా కదిలింది. వాన తెరిపి ఇవ్వగానే పని మొదలై, చకచకా పూర్తయింది. ఆ వీధిలో చెట్లు లేవు, వంచమనేవాళ్ళు లేరు. అక్కడ కాలువ తాడు లాగినట్టు తిన్నగా వెళ్ళి డ్రైనులో కలిసింది. ఇంజనీరు దాన్ని చూసుకుని మురిసిపోయాడు. ఆపదలో ఆదుకున్న కౌన్సిల్ అని పేపర్లో కూడా వేశారు.

కాలువ తవ్వుతున్నప్పుడు ఒక సోమవారం ఆవిడ మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. పనిలో ఏదో తేడా చేశారు కాబోలనుకుని నేనే ఎదురెళ్ళాను. చైర్మన్ గారు కూడా అక్కడే ఉన్నారు.

"తవ్విన మట్టి రోడ్డు పక్కన పోసేరండి. అది ఎవరికైనా ఇత్తారాండి? నాక్కొంచెం కావాలండి."

"ఎందుకమ్మా?" అన్నాను.

"ఇంట్లో పల్లమైపోయిందండి. మెరక చేసుకోవాలండి."

చైర్మన్ గారి మొహం వెలిగిపోయింది. "కొంచెమేంటమ్మా, ఎంత కావాలంటే అంత తీసుకో. మన ట్రాక్టర్‌తోనే ఇంటి దగ్గర పోయిస్తాను" అన్నారు. అక్కడికక్కడే ట్రాక్టర్ డ్రైవర్‌ను పిలిచి చెప్పారు. అర్జీ లేదు, అజెండా లేదు, తీర్మానం లేదు. ఆవిడ వెళ్ళాక నావైపు తిరిగి, "చూశారా మేడమ్ గారూ, అడిగితే లేదంటామాండీ మనం?" అన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ అడిగినవాటిలో అడిగిన రోజే దొరికింది అదొక్కటే. నేను కూడా పోనీలే, ఒక్కటైనా వెంటనే జరిగిందని అనుకున్నాను.

అమ్మాయిలూ, అర్జీ పట్టుకుని ఎవరైనా వస్తే మంచినీళ్ళు ఇవ్వండి, కానీ అక్కడితో మీ పని అయిపోయిందని మాత్రం అనుకోకండి. ఎన్నాళ్ళు ఆగగలరని అడగండి. నిల్వ ఎంతుందో నా నోటితో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ మగ్గం ఇంకెన్నాళ్ళు ఆగగలదని మాలో ఒక్కరూ ఆవిడను అడగలేదు. సరే, మాత్ర వేసుకుని వస్తాను.

వచ్చాను. మిగిలింది కొంచెమే.

కాలువ పూర్తయిన కొన్నాళ్ళకు మా ఆఫీసుకు ఎవరో పెద్దాయన వస్తున్నారంటే, కండువాలు కావాల్సి వచ్చి మగ్గాల వీధికి నేనే వెళ్ళాను. వెళ్ళడానికి అదొక సాకు. ముందురోజు గట్టి వాన పడింది. వీధిలో ఎక్కడా చుక్క నీళ్ళు లేవు. నీళ్ళు కాలువలో గలగలా పోతున్నాయి. కడుపు నిండినట్టైంది. పక్కిళ్ళలోంచి మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి ఆ చప్పుడు వెనకబడిపోయింది.

ఆవిడ నన్ను చూసి నవ్వుతూ ఎదురొచ్చింది. "రండి మేడమ్ గారండీ, రండి. కాలవ బాగా పనిచేత్తుందండి. మళ్ళీ మెసేజీ కూడా వచ్చిందండి, పరిష్కారమైందని. ఈసారి నిజంగానే అయిందండి."

కండువాల సంగతి అడిగాను.

"ఇప్పుడు నేయట్లేదండి. ఆ వానకి పడుగంతా పోయింది గదండీ, షావుకారు మళ్ళీ నూలు ఇవ్వలేదండి. మా ఆయన అల్లవరం అవతల రొయ్యల చెరువుల మీద కాపలాకి ఎల్తున్నాడండి. మగ్గం అమ్మేసేమండి." ఇదంతా చెప్తూనే లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. "కూకోండి మేడమ్ గారండీ. కాఫీ తాగి ఎల్లాలండి."

ఇంటి మధ్యలో కుర్చీ వేసింది. నేల శుభ్రంగా అలికి ముగ్గు పెట్టి ఉంది. ఇల్లంతా పాత నేల రంగు, ఒక్క ఆ చోటు మాత్రం కొత్త మట్టి రంగు. మా ట్రాక్టర్ తెచ్చి పోసిన మట్టి. నేను కూర్చోగానే కుర్చీ కాలు ఒకటి నెమ్మదిగా కిందికి దిగబడింది. నేను ఒక పక్కకు ఒరిగాను.

ఆవిడ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కొత్తగా పూడ్చింది గదండీ" అంది. "నాలుగు రోజులు పోతే గట్టిపడిపోద్దండి."